భార్యకు అల్జీమర్స్ అని తేలాక ఇల్లు ఎలా సర్దుకోవాలి

మన ఇళ్లలో చాలావరకు ఇల్లాలే ఇంటి జ్ఞాపకం. పాల లెక్క, మీ బీపీ మాత్ర వేళ, ఏ బంధువుల ఇంట్లో ఎప్పుడు శుభకార్యం, లాకరు తాళం ఏ డబ్బాలో ఉంది, అన్నీ ఆమెకే తెలుసు. అందుకే ఈ జబ్బు ఆమెకు వచ్చినప్పుడు ఇల్లంతా ఒక్కసారిగా తడబడుతుంది. వంటగదిలో అడుగుపెట్టని భర్తకు ఏది ఎక్కడుందో తెలియదు. పిల్లలు చూస్తే వేరే ఊళ్లలోనో వేరే దేశాల్లోనో ఉంటారు. అలాంటి భర్తల కోసం, వాళ్ల పిల్లల కోసం ఇది రాస్తున్నాను. జబ్బు భర్తకు వచ్చినా ఇందులో చాలా విషయాలు అలాగే వర్తిస్తాయి.

జబ్బు తొలిదశలోనే బయటపడి ఉంటే మీ చేతిలో విలువైన కాలం ఉంది. ఆమె మాట, ఆమె సంతకం, ఆమె ఇష్టాయిష్టాలు ఇంకా చెల్లుతున్న కాలం అది. చేయాల్సిన పనుల్లో సగం ఈ కాలంలోనే, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి. ఆమెకు తెలియకుండా చేయకూడదు.

1. ముందు ఫైలు తెరిచి చూడండి

మతిమరుపు వచ్చిన ప్రతివారికీ అల్జీమర్స్ ఉండదు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ మందగించడం, దిగులు జబ్బు, ఎప్పుడో జారిపడినప్పుడు పుర్రె లోపల మెల్లగా పేరుకున్న రక్తం కూడా అచ్చం ఇలాగే కనిపించగలవు. వీటికి వైద్యం ఉంది. కాబట్టి ఆ రక్తపరీక్షలు జరిగాయా, మెదడు స్కానింగ్ తీశారా అన్నది చూసుకోండి. జ్ఞాపకశక్తి పరీక్ష ఆమెకు వచ్చిన భాషలో చేశారా అన్నది కూడా ముఖ్యమే. తెలుగులో చదువుకున్న మనిషిని ఇంగ్లిషులో ప్రశ్నలడిగి మార్కులు వేస్తే ఆ మార్కులకు అర్థం లేదు. ఈ పరీక్షలకు తెలుగు రూపాలున్నాయి. అడిగి చేయించుకోండి.

మందుల గురించి ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో తెలిసి ఉండాలి. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమంటిన్ వంటివి లక్షణాలను కొంతమేర, కొంతకాలం అదుపులో ఉంచుతాయి. జబ్బును ఆపలేవు. డోనెపెజిల్ మొదలుపెట్టాక కొందరికి కడుపులో తిప్పుతుంది, విరేచనాలు అవుతాయి. కొందరికి నాడి వేగం తగ్గి కళ్లు తిరుగుతాయి. మాత్ర మొదలయ్యాక ఆమె తూలిపడితే వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి.

అమెరికాలో ఉన్న పిల్లలు కొత్త ఇంజెక్షన్ల గురించి చదివి ఫోను చేస్తారు. లెకానెమాబ్‌కు అక్కడ 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అనుమతి వచ్చింది. అవి తొలిదశలో ఉన్నవారికే. జబ్బు ముదిరే వేగాన్ని కొంత తగ్గిస్తాయి, అంతే. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉన్నందువల్ల పదేపదే ఎంఆర్‌ఐ తీసి చూడాల్సి ఉంటుంది. ఆమెకు సరిపడతాయా లేదా అన్నది చూసే డాక్టరే చెప్పాలి. సరస్వతి ఆకు లేహ్యాలు, ఫోనులో ప్రకటనలు చూసి తెప్పించే పొడులు దీన్ని నయం చేస్తాయనడానికి రుజువు లేదు. ఇంకో మాట: మందుల షాపులో అడిగి తెచ్చే కొన్ని జలుబు మాత్రలు, అలర్జీ మాత్రలు, నిద్రమాత్రలు ఈ జబ్బున్నవారిలో అయోమయాన్ని పెంచుతాయి. ఇకమీదట డాక్టరుకు చెప్పకుండా ఏ మాత్రా ఇవ్వకండి.

2. ఆమెకు చెప్పండి, ఆ తర్వాత నలుగురికీ చెప్పండి

ఆమెకు తెలిస్తే కుంగిపోతుందని దాచేవారే ఎక్కువ. కానీ తనలో ఏదో తేడా వచ్చిందని చాలాసార్లు అందరికంటే ముందు తెలిసేది ఆమెకే. వంట మధ్యలో తర్వాత ఏం చేయాలో తోచక నిలబడిపోయినప్పుడు, బజారు నుంచి వచ్చే దారి ఒక్క క్షణం కొత్తగా అనిపించినప్పుడు ఆమె ఒంటరిగా భయపడి ఉంటుంది. “నీ మెదడుకు ఒక జబ్బు వచ్చింది. మతిమరుపు అందువల్లే. నీ తప్పేమీ లేదు. నేను పక్కనే ఉంటాను” అని తేలిక మాటల్లో చెప్పండి. ఒక్కసారికి అంతే చాలు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పండి. అడగనప్పుడు గుర్తుచేయాల్సిన పని లేదు.

బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పడానికి మన వాళ్లు ఇంకా జంకుతారు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్లలుంటే సంబంధాలు తప్పిపోతాయేమోనని గుట్టుగా ఉంచుతారు. అరవై అయిదేళ్లు దాటాక వచ్చే అల్జీమర్స్‌లో అత్యధికం తల్లి నుంచి బిడ్డకు నేరుగా సంక్రమించేది కాదు. నలభైలలో, యాభైలలో మొదలయ్యే అరుదైన రకాల్లో మాత్రమే ఒక్క జన్యువు లోపం తరం నుంచి తరానికి నేరుగా దిగుతుంది. దాచిపెట్టడం వల్ల జరిగే నష్టం మాత్రం ఖాయం. ఆమె దారితప్పితే తీసుకొచ్చి దింపాల్సిన వాళ్లకే విషయం తెలియకుండా పోతుంది. పక్కింటివారికి, వాచ్‌మన్‌కు, కిరాణా కొట్టాయనకు, వీధి చివర ఆటో స్టాండు వాళ్లకు చెప్పి, మీ నంబరు ఇచ్చి ఉంచండి.

3. కాగితాల పని: వాయిదా వేయకండి

ఈ మెట్టు దగ్గరే కుటుంబాలు ఎక్కువగా దెబ్బతింటాయి, అందుకే వివరంగా చెబుతాను.

“జీపీఏ (ఆమె తరఫున పనులు చేసే అధికారం మీకిచ్చే పత్రం) రాయించుకుంటే చాలు” అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. చాలదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా అక్కడితో ముగుస్తుంది. అంటే మీకు అది ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే పనికిరాకుండా పోతుంది. అప్పుడు సంరక్షకుడిగా నియమించమని హైకోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. ఖర్చూ కాలమూ రెండూ పోతాయి. అందుకే ఆమె సంతకం చెల్లే రోజుల్లోనే ఈ పనులు ముగించండి.

బ్యాంకు ఖాతాలు జాయింటుగా, ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలోకి, అంటే ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లేలా మార్పించండి. లాకరు కూడా అంతే. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు ఒక మెలిక ఉంది. జాయింటుగా ఉన్నా సరే, గడువుకు ముందే తీయాలంటే సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. కాబట్టి వైద్యానికి అక్కరకు వచ్చే డబ్బునంతా దీర్ఘకాలం డిపాజిట్లలో పెట్టకండి. నామినీల పేర్లు ఒకసారి సరిచూసుకోండి. చాలా పాత కాగితాల్లో ఎప్పుడో పోయిన అత్తమామల పేర్లు అలాగే ఉండిపోతాయి.

ఇల్లో పొలమో ఆమె పేరున ఉంటే వీలునామా గురించి ఆమెతోనే మాట్లాడండి. అల్జీమర్స్ అని రాసినంత మాత్రాన ఆమె వీలునామా చెల్లకుండా పోదు. రాసే సమయానికి తానేం చేస్తోందో ఆమెకు తెలిసి ఉండాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ రోజు ఆమె స్థితి బాగుందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేసి, రిజిస్టరు చేయిస్తే రేపు వేలెత్తి చూపడం కష్టమవుతుంది. పిల్లల్లో ఒకరు ఆమెను కారులో కూర్చోబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లడం, మిగతావాళ్లకు తర్వాత తెలియడం, తోబుట్టువులు శాశ్వతంగా విడిపోవడం మన ఊళ్లలో కొత్త కథ కాదు. అందరికీ ముందుగా చెప్పి చేయండి. ఆమె బంగారం ఏ నగ ఎవరికి చేరాలో కూడా ఇప్పుడే ఆమె నోట వినండి. ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. ఆ నగలు పంచే తృప్తి ఆమెకే దక్కాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన చికిత్స విషయంలో తన తరఫున నిర్ణయం తీసుకునే ప్రతినిధిని ఆమె తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి నియమించుకోవచ్చు. అదీ చేయించండి. ఆమె రిటైరైన ఉద్యోగి అయితే పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ను ఇంటి నుంచే ముఖం గుర్తింపు ద్వారా ఫోనులో ఇచ్చే వీలుంది. ఆ పద్ధతి ముందే నేర్చుకోండి. ఆమె ఫోనులో యూపీఐ యాప్‌లు ఉంటే తీసేయండి. ఓటీపీ అడిగే మోసగాళ్లకు ఇలాంటివారే తేలికగా చిక్కుతారు.

4. వంటగది నుంచి ఆమెను వెళ్లగొట్టకండి

పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతుంది. పోపు మాడుతుంది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతే గిన్నె నల్లబడుతుంది. భయపడిన కుటుంబం వంటమనిషిని పెట్టి ఆమెను సోఫాలో టీవీ ముందు కూర్చోబెడుతుంది. అది తేలికైన పనే, కానీ ఆమెకు అంతకంటే నష్టం చేసేది ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం. నిప్పును ఆమె చేతి నుంచి తప్పించండి, పనిని తప్పించకండి. సిలిండరు రెగ్యులేటరు ఆపేసి ఉంచండి, లైటరు మీ దగ్గర పెట్టుకోండి. ఆమెకు గోంగూర తుంచడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వత్తులు చేయడం అప్పగించండి. ఏళ్ల తరబడి చేతులకు అలవాటైన పనులు, పేర్లూ తేదీలూ చెరిగిపోయాక కూడా చాలాకాలం నిలుస్తాయి. మా పిన్ని, తన కూతురి పేరు కోసం తడుముకునే రోజుల్లోనూ, మల్లెమొగ్గలు రెండేసి అటూ ఇటూ పేర్చి, దారం వేలికి చుట్టి ముడివేసి మూర పొడుగు మాల కట్టేది. ఎవరికోసం కడుతున్నావని అడిగితే చెప్పలేకపోయేది. చేతులు మాత్రం ఒక్క ముడి తప్పేవి కావు.

మీరు కూడా వంట ఇప్పుడే నేర్చుకోండి, ఆమె దగ్గరే. మీరు గరిటె పట్టుకుని “తర్వాత ఏం వేయాలి?” అని అడగండి. చెప్పగలిగినన్నాళ్లు ఆమె చెబుతుంది. మీ ఇంటి పులుసు రుచి ఆమెతోనే పోకుండా ఉంటుంది.

మిగతా ఇంటి మార్పులు గబగబా చెబుతాను. స్నానాల గది లోపలి గడియ తీసేయండి. నేల మీద నీళ్లు నిలవకుండా చూసి, గోడకు పట్టుకునే కమ్మీ వేయించండి. ఫినాయిల్, యాసిడ్ సీసాలు, నీళ్లు కాచే రాడ్డు, మాత్రల డబ్బా తాళంలో పెట్టండి. గుమ్మం దగ్గర నల్లటి పట్టా ఆమె కళ్లకు గుంతలా కనిపించవచ్చు, తీసేయండి. తెల్లటి పళ్లెంలో పెరుగన్నం, ఇడ్లీ ఆమెకు ఆనకపోవచ్చు. ముదురురంగు పళ్లెంలోనో అరిటాకులోనో పెట్టి చూడండి, తినడం మెరుగుపడవచ్చు. కళ్లజోడు, చెవి మిషను సరిగ్గా ఉన్నాయా చూడండి. వినపడకపోవడాన్ని జబ్బు ముదరడంగా పొరబడే ఇళ్లు చాలా ఉన్నాయి.

5. వాదనలో గెలవాలని చూడకండి

ఇంటికి వచ్చిన ఆడపడుచుతో ఆమె అంటుంది: “పొద్దుటి నుంచి నాకు ఎవరూ ఏమీ పెట్టలేదు వదినా.” మీరు అప్పుడే రెండు దోసెలు వేసి పెట్టి చేయి కడుక్కుని వచ్చి ఉంటారు. ఎంతో బాధ కలుగుతుంది, కోపం వస్తుంది. సింకులో పళ్లెం చూపించి రుజువు చేయాలనిపిస్తుంది. చేయకండి. తిన్న జ్ఞాపకం ఆమె మెదడులో నిలవలేదు కాబట్టి ఆమె చెబుతున్నది ఆమెకు నిజం. “అయ్యో, ఆకలేస్తోందా, ఉండు” అని ఒక అరటిపండు ఇవ్వండి. ఆడపడుచుకు విషయం వేరుగా చెప్పండి.

గాజులు తానే బియ్యం డబ్బాలో దాచి, పనిమనిషి తీసిందంటుంది. ఇది ఈ జబ్బులో తరచూ కనిపించే లక్షణం, ఆమె గుణం మారిపోయిందనుకోకండి. పనిమనిషికి ముందే చెప్పి ఉంచండి, ఆమె పరువు కూడా ముఖ్యమే. పోయిన వస్తువు కోసం “పద, ఇద్దరం వెతుకుదాం” అనండి. ఆమె దాచే చోట్లు కొన్నే ఉంటాయి, త్వరలోనే మీకు తెలిసిపోతాయి.

సొంత ఇంట్లో కూర్చుని “ఇంటికి వెళ్దాం” అంటే అది పుట్టిల్లు కావచ్చు, మనసు కుదుటపడే ఏదో చోటు కావచ్చు. “ఇదే మన ఇల్లు కదా” అని పదిసార్లు చెప్పినా లాభం లేదు. “వెళ్దాంలే. మీ ఊళ్లో మీ పెరట్లో ఏమేం చెట్లుండేవి?” అని అడగండి. చనిపోయిన వాళ్లమ్మ ఎక్కడని అడిగితే, ఆమె పోయిందని ప్రతిసారీ చెప్పకండి. ఆమెకు ప్రతిసారీ అది కొత్త చావే. “మీ అమ్మ గుర్తొచ్చిందా? ఆవిడ చేతి వంట గురించి చెప్పు” అని మాట మళ్లించండి.

బంధువులకు ఒక్క నియమం ఖచ్చితంగా పెట్టండి. “నేనెవరో చెప్పు చూద్దాం” అని ఎవరూ ఆమెను అడగకూడదు. వీడియో కాల్‌లో మనవళ్లూ అడగకూడదు. చెప్పలేనప్పుడు ఆమె ముఖం ఎలా మారిపోతుందో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుసు. “పెద్దమ్మా, నేను మీ చెల్లెలి రెండో కొడుకును, విజయవాడ నుంచి వచ్చాను” అని వాళ్లే పేరూ వరసా చెప్పుకుని మాట మొదలుపెట్టాలి.

6. స్నానం, చీర

భర్తలు బయటికి చెప్పుకోలేని కష్టం ఇదే. “స్నానం చెయ్యి” అంటే మొండికేస్తుంది. ఆమె జీవితమంతా ఏ వేళకు స్నానం చేసేదో ఆ వేళకే, ఆ కారణంతోనే పిలవండి. “దీపం పెట్టే వేళయింది, నీళ్లు తోడాను” అంటే లేచి వస్తుంది. ముందు పాదాల మీద నీళ్లు పోయండి. తల మీద ఒక్కసారిగా పోస్తే బెదురుతుంది. కుదరని రోజు తడిగుడ్డతో తుడిస్తే చాలు. చీర కుచ్చిళ్లు తడబడటం మొదలైతే ముందువైపు బొత్తాలున్న నైటీలు, పంజాబీ డ్రెస్సులు అలవాటు చేయండి. పండుగనాడు మాత్రం కూతురితోనో పక్కింటి ఆడవాళ్లతోనో చీర కట్టించండి. ఇంట్లో కోడలో కూతురో ఉందని ఈ పని మొత్తం ఆమె మీద వేయకండి. మీ భార్య ఒప్పుకుంటే మీరే చేయండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

7. సాయంత్రాలు, దారితప్పడం

పొద్దు వాలేసరికి చాలామందిలో ఆందోళన పెరుగుతుంది. చీకటి పడకముందే లైట్లన్నీ వేయండి. మధ్యాహ్నం కునుకు తగ్గించి, నాలుగింటికి కాస్త నడిపించండి. సాయంత్రం కాఫీ మానిపించండి. వార్తా ఛానళ్ల అరుపులు ఆపి ఆమెకు తెలిసిన కీర్తనలో పాత పాటలో పెట్టండి.

గేటుకు ఆమె కంటికి ఆనని చోట ఒక గడియ వేయించండి, కానీ ఆమెను లోపల పెట్టి తాళం వేసి మీరు బయటికి వెళ్లకండి. మీ నంబరు చెక్కించిన కడియమో లాకెట్టో వేయండి. ఇటీవలి ఫోటో ఫోనులో ఉంచుకోండి. కనిపించకపోతే చుట్టుపక్కల వెతుకుతూనే వెంటనే 112కు ఫోను చేయండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. ఆమె పాత ఇల్లు, పనిచేసిన బడి, రోజూ వెళ్లిన గుడి దారుల్లో ముందు చూడండి.

మెల్లగా సాగే ఈ జబ్బులో రెండు మూడు రోజుల్లోనే అయోమయం ఒక్కసారిగా పెరిగితే అది వేరే సంగతి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎండాకాలంలో నీళ్లు తాగకపోవడం, కొత్త మాత్ర, ఇలాంటి ఏదో కారణం ఉండి ఉంటుంది. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

8. పిల్లలు వంతులు వేసుకోకూడదు

అమ్మానాన్నలను నెలకొక ఇంట్లో ఉంచుకోవడం మన దగ్గర మామూలే. ఈ జబ్బులో అది పనికిరాదు. ఇల్లు మారిన ప్రతిసారీ బాత్రూమ్ ఎటుందో కూడా ఆమె కొత్తగా వెతుక్కోవాలి. ఆమె ఒకచోటే ఉండాలి, పిల్లలే వంతులవారీగా అక్కడికి రావాలి. విదేశంలో ఉన్న కొడుకు డబ్బు పంపితే బాధ్యత తీరిపోయిందనుకోకూడదు. సెలవు పెట్టి వచ్చి ఆమెను పూర్తిగా తన చేతుల్లోకి తీసుకుని తండ్రికి విశ్రాంతి ఇవ్వాలి. అక్కడి నుంచి చేయగలిగిన పనులూ ఉన్నాయి: బిల్లులు కట్టడం, మందులు తెప్పించడం, డాక్టరు అపాయింట్‌మెంట్లు చూడటం, రోజూ ఒకే వేళకు ఫోను చేయడం. ఆమెకు అమెరికా వెళ్లి మనవళ్లను చూడాలని ఉంటే మాత్రం ఇప్పుడే, తోడుతో వెళ్లి రావాలి. రెండేళ్ల తర్వాత ఆ ప్రయాణం ఆమెకు శిక్ష అవుతుంది.

9. మీ సంగతి

ఆమెను ఒక్కర్ని వదలలేక మీరు శుక్లాల ఆపరేషన్ వాయిదా వేస్తారు, షుగర్ పరీక్ష మానేస్తారు, పొద్దుటి నడకకు స్వస్తి చెబుతారు. మీరు మంచాన పడితే ఆమెకు దిక్కెవరో ఆలోచించండి. పగటిపూట కొన్ని గంటలకైనా ఒక ఆయాను ఇప్పుడే పెట్టుకోండి, ఆమెకు కొత్త ముఖం అలవాటు కావడానికి సమయం పడుతుంది. విసుక్కుని అరిచిన రోజులు వస్తాయి. అరవబోతున్నానని తెలిసినప్పుడు ఆమె క్షేమంగా ఉందని చూసుకుని పక్క గదిలోకి వెళ్లండి. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సాయానికి ఎల్డర్‌లైన్ 14567 ఉంది. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. ఇదే దారిలో నడుస్తున్న కుటుంబాలు అక్కడ కలుస్తాయి.

ఈ వారంలోనే ఒక కాగితం రాసి పెట్టండి. ఆమె మందుల పేర్లు, వేళలు, పడని మందులు, డాక్టరు నంబరు, ఏ మాటకు బెదురుతుంది, ఏ పాటకు కుదుటపడుతుంది, అన్నం ఎలా కలిపి పెడితే తింటుంది, రాత్రి ఎన్నింటికి లేస్తుంది, అన్నీ అందులో ఉండాలి. రేపు మీరే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మరొకరు అది చదివి ఆమెను చూసుకోగలగాలి. ఒక ప్రతి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి, ఒకటి పక్కింట్లో ఇవ్వండి, ఫోటో తీసి పిల్లలందరికీ పంపండి. మందులు మారిన ప్రతిసారీ తిరగరాయండి.